కారణం: ఇంటి విషయం

నా పేరున వచ్చే ఉత్తరాలు నాకంటే ముందు మా అక్క చదువుతుంది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండడం మొదలుపెట్టి పదిహేనేళ్లయింది, అప్పటినుంచీ ఇదే పద్ధతి. కవరు చింపడం, కళ్లజోడు సర్దుకోవడం, చదివి సారాంశం నాకు చెప్పడం, అన్నీ ఆవిడే. ఆ సోమవారం ఉదయం నేను కారు అద్దాలు తుడిచి లోపలికి వచ్చేసరికి అలాంటి ఉత్తరమొకటి ఆవిడ చేతిలో ఉంది. మొహంలో మాత్రం రోజూ ఉండే ధీమా లేదు.

"నీ కారు నంబరుని పోలీసులు వెతికారటే," అంది.

"ఎందుకట?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. నాలుగుసార్లు వెతికారట. కారణం అన్న గడిలో 'ఇంటి విషయం' అని ఉంది." కళ్లజోడు పైనుంచి నన్ను ఎగాదిగా చూసింది. "నాక్కూడా చెప్పకుండా ఎక్కడన్నా కాపురం పెట్టావా ఏంటి?"

నాకు యాభై నాలుగేళ్లు. కాపురం సంగతి దేవుడెరుగు, మధ్యాహ్నం ఓ అరగంట నడుం వాల్చడానికే తీరిక ఉండదు. నేను కారు నడపడం నేర్పుతాను. పదహారేళ్లుగా పొద్దున ఏడింటినుంచి సాయంత్రం ఆరింటిదాకా పక్కసీట్లో కూర్చుని "క్లచ్చు, క్లచ్చు" అని అరవడమే నా బతుకుతెరువు. నేర్చుకునేవాళ్లు వెనకాల నన్ను క్లచ్చమ్మ అంటారు. నాకు తెలియదనుకుంటారు. కోపం నా ముక్కుమీదే ఉంటుందని కూడా అంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

ఉత్తరం లాక్కుని చదివాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఈ ఉత్తరం సంగతి అర్థం కావాలంటే కెమెరాల సంగతి చెప్పాలి. పోయిన ఏడాది మా ఊళ్లో పదకొండు కూడళ్లలో పోలీసులు కెమెరాలు పెట్టారు. దారిన పోయే ప్రతి బండి నంబరూ చదివి, అది ఏ వేళకి ఎక్కడ కనబడిందో రాసిపెట్టుకోవడం వాటి పని. దొంగబండ్లు దొరుకుతాయన్నారు, దొరికాయి కూడా. అయితే దొంగతోపాటు మేమందరం కూడా ఆ పుస్తకంలోకి ఎక్కుతున్నాం కదా అని జనం నగరసభలో గొడవ పెట్టుకున్నారు. నాలుగు నెలలు నానాక నిబంధనలు వచ్చాయి. ఫొటోలో నంబరు పలక తప్ప మనిషిగానీ బండిగానీ కనబడకూడదు. ముప్పై రోజులకి అంతా చెరిపేయాలి. ఎవరి నంబరైనా వెతకాలంటే కారణం రాయాలి. వెతికిన సంగతి ఆ బండి యజమానికి ఉత్తరం ద్వారా చెప్పాలి. ఆ ఉత్తరం పంపేది కూడా పోలీసులు కాదు, రవాణా కార్యాలయం వాళ్లు. బండి ఎవరిదో వాళ్లకే తెలుసు, కేసు నంబరు చూపించనిదే పోలీసులకి చెప్పరు.

ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. లైసెన్సు పరీక్షలో వీటిమీద రెండు ప్రశ్నలు వస్తాయి మరి. నేర్చుకునేవాళ్లందరి చేతా వల్లె వేయించిన నిబంధన నా ఇంటికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

"నేనూ వస్తానుండు," అంది అక్క, అప్పటికే చెప్పులు వెతుక్కుంటూ.

"నువ్వొస్తే పోలీసుల ఉత్తరాలు కూడా చదివేస్తావు, ఇంట్లో ఉండు," అని బయల్దేరాను.

పోలీసు కార్యాలయం మొదటి అంతస్తులో, ఒక మూల, కెమెరాల నిబంధనల గది ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, నీళ్లు పొయ్యక తల వాల్చేసిన కుండీ. బల్ల వెనక ముప్పై దాటని అమ్మాయి. నన్ను చూడగానే నిటారుగా కూర్చుంది, బల్లకింద ఎడమకాలు గబుక్కున నేలకి నొక్కుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, మూడేళ్లకిందట నా దగ్గర నేర్చుకున్న పిల్లే. ఇప్పుడందరూ రూల్సు మేడమ్ అంటారట. ఆమెది పోలీసు ఉద్యోగం కాదు. పోలీసులు నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూడడానికి నగరసభ వేసిన మనిషి.

"మేడమ్, మీరా," అని లేచి నిలబడింది.

"నేనే. నా కారు ఎవరింటి విషయమో కనుక్కుందామని వచ్చాను."

ఉత్తరం చూసి మొహం సీరియస్‌గా పెట్టుకుంది. కంప్యూటరులో ఏదో నొక్కి, ఒక కాగితం అచ్చు తీసి నా ముందు పెట్టింది. వెతికిన మనిషి పేరున్న చోట నల్లటి గీత, పక్కన 'కెమెరా గది ఉద్యోగి' అని మాత్రం. తేదీలు నాలుగు. రెండు మంగళవారాలు, రెండు శుక్రవారాలు. వేళ, పదకొండునుంచి పన్నెండు. కిందంతా వరసగా నా కారు తిరిగిన దారి. బేకరీ కూడలి, కోర్టు కూడలి, పార్కు కూడలి, మళ్లీ బేకరీ, మళ్లీ కోర్టు, మళ్లీ పార్కు. గంటలో పధ్నాలుగు వరసలు.

మంగళ, శుక్రవారాలు పదకొండింటికి టైలరమ్మ క్లాసు.

టైలరమ్మకి యాభైకి ఒకటి తక్కువ. బేకరీ వెనక వీధిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. రెండు నెలలకిందట వచ్చి, "నేర్చుకుంటాను మేడమ్, కానీ ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా మా ఆయనకి," అంది. భర్తలకి చెప్పకుండా నేర్చుకునేవాళ్లు నాకు కొత్తకాదు, అయినా ఎందుకని అడిగాను. ఆవిడ చెప్పింది నాకింకా గుర్తుంది.

"పెళ్లయిన కొత్తలో ఈత నేర్చుకుందామనుకున్నా. మూడోరోజుకే ఆయన చుట్టాలందరికీ చెప్పేశారు. నేను నీళ్లలో ఎలా కొట్టుకున్నానో మంచం మీద పడుకుని చేసి చూపించారు కూడా. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. మనిషి చెడ్డవారు కాదు మేడమ్, పదిమందిని నవ్వించాలని సరదా. కానీ నేను మళ్లీ ఆ కొలను మొహం చూడలేదు. ఇది మాత్రం వచ్చేదాకా నాది. వచ్చాక అందరికీ నేనే చెప్పుకుంటాను."

అందుకని ఆవిణ్ణి ఇంటిదగ్గర కాకుండా బేకరీ ముందు ఎక్కించుకునేదాన్ని. కారు పైకప్పు మీద 'నేర్చుకుంటున్నాం, ఓపిక పట్టండి' అని బోర్డు ఉంటుంది, అయస్కాంతంతో అతుక్కునేది. ఆవిడ ఎక్కేటప్పుడు దాన్ని తీసి వెనకసీట్లో పడేసి, నేనే నడుపుకుంటూ రెండు మలుపులు తిరిగాక మళ్లీ పెట్టేదాన్ని. అప్పుడు సీట్లు మారేవాళ్లం. మంచి ఉపాయమని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని రూల్సు మేడమ్‌ని అడిగాను. గొంతులో వేడి సగం తగ్గిపోయింది.

"అభ్యంతరం రాసిస్తే విచారణ జరుగుతుంది. రాయకపోతే కాగితం ఫైలులోకి పోతుంది. ఏదన్నా ఏడురోజుల్లో తేల్చాలి. ఒకవేళ ముందు ఆయనతో మాట్లాడాలనుకుంటే ముఖాముఖి అడిగే హక్కు మీకుంది. నేనూ ఉంటాను. మీరేం అడిగినా ఆయన జవాబు చెప్పాలి. ఆయన మాత్రం మిమ్మల్ని ఏమీ అడక్కూడదు."

"ఒక్క ప్రశ్న కూడానా?"

"ఒక్కటి కూడా."

ఆ నిబంధన రాసినవాళ్లెవరో గానీ వాళ్ల కడుపు చల్లగుండాలి. బుధవారం పదింటికి రమ్మని చెప్పింది.

మంగళవారం క్లాసులో టైలరమ్మ పార్కు దగ్గర ఎత్తుమీద బండి ఆపి, ఒక్క అంగుళం వెనక్కి జారకుండా మళ్లీ ఎక్కించింది. రెండు నెలల్లో మొదటిసారి నేను అరవలేదు. ఏమీ ఎరగనట్టు అడిగాను.

"మీ ఆయన ఏం చేస్తారన్నారు?"

"అనలేదు మేడమ్. పోలీసు. కెమెరా గదిలో కూర్చుంటారు. ఎందుకూ?"

"ఊరికే. అద్దం చూసుకోండి."

శుక్రవారం ఆవిడకి లైసెన్సు పరీక్ష. మీ ఆయన మీ వెంట కెమెరాలు వేసుకుని తిరుగుతున్నారని ఆ నిమిషంలో చెబితే ధ్యాస స్టీరింగు మీద ఉండదు, పరీక్ష పోతుంది. చెప్పకపోతే ఆవిడ సంగతి ఆవిడకే తెలియకుండా నా సంచిలో పెట్టుకుని తిరుగుతున్నట్టు. రెండూ బాగాలేవు. బుధవారం ఆయన మొహం చూశాక తేల్చుకుందామని ఊరుకున్నాను. ఆ రాత్రి అక్క ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసి కూర గిన్నె నావైపు తోసింది.

బుధవారం పదింటికి వెళ్లేసరికి ఆయన అప్పటికే కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, ఇస్త్రీ చేసిన బట్టలు, మోకాళ్లమీద టోపీ. నేను గుమ్మంలోకి రాగానే లేచి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. చేతిసంచి పట్టుకుని, మోకాళ్ల నొప్పితో నడుస్తున్న నేను తప్ప.

"ఆ బండి మీదా?" అన్నాడు.

"మీరు ప్రశ్న అడక్కూడదు," అంది రూల్సు మేడమ్.

"ప్రశ్న కాదండీ, ఆశ్చర్యం."

"ఆశ్చర్యం కూడా ప్రశ్నలా ఉండకూడదు."

ఆయన కూర్చున్నాడు. నేను కాగితం బల్లమీద పరిచాను. రాత్రంతా కూడబెట్టుకున్న కోపం చేతిలో సిద్ధంగా ఉంది.

"ఇంటి విషయం అని రాశారు. ఏ ఇంటి విషయం?"

"మా ఇంటిదేనమ్మా."

"మీ ఇంటి విషయానికి నా కారుని వెతకొచ్చా?"

"వెతక్కూడదు."

"తెలిసే చేశారా?"

"తెలిసే చేశాను."

ఇలా ఒప్పేసుకునేవాళ్లతో పోట్లాడ్డం మహా కష్టం. అయినా మళ్లీ అందుకున్నాను.

"అలాంటప్పుడు ఏదో ఒక కేసు పేరు రాసెయ్యొచ్చుగా? ఎవరికీ అనుమానం వచ్చేది కాదు."

ఆయన నావైపు నిజంగానే వింతగా చూశాడు. "కారణం గడి నింపకపోతే కంప్యూటరు ముందుకి కదలదమ్మా. ఏదో ఒకటి రాయాలి. కాగితం మీద అబద్ధం ఎలా రాస్తాను? ఇరవయ్యారేళ్ల సర్వీసు నాది."

రూల్సు మేడమ్ పైకప్పుకేసి చూసింది. తప్పు చేయడానికి సిద్ధపడి, ఆ తప్పుకి అబద్ధం రాయడానికి మనసొప్పని మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"జరిగింది మొదటినుంచీ చెప్పండి," అన్నాను.

"ఒకరోజు బస్సులో వస్తున్నాను. బేకరీ ముందు మా ఆవిడ తెల్లకారు ఎక్కడం కనబడింది. కిటికీలోంచి కారు వెనకభాగమే కనబడింది, నంబరు చదివాను, అలవాటు కదా. మా ఆవిడకి కారున్న స్నేహితులెవరూ లేరు. సాయంత్రం ఇంటికెళ్తే మిషను దగ్గర కూర్చుని ఉంది, ఎటూ వెళ్లనట్టే. నేనేమీ అనలేదు." టోపీని మోకాలిమీద ఒకసారి తిప్పాడు. "నవ్వుతూ ఎక్కిందమ్మా. అలా నవ్వడం చూసి చాన్నాళ్లయింది."

ఈ మాటకి నా కోపం చేతిలోంచి జారిపోయింది. దాన్ని మళ్లీ పట్టుకుందామని చూశాను గానీ దొరకలేదు.

"తరవాత?"

"తరవాత వెతికాను. వెతికితే ఇంకా పిచ్చెక్కింది. బేకరీ, కోర్టు, పార్కు, మళ్లీ బేకరీ. గంటలో పధ్నాలుగుసార్లు. బండన్నాక ఎక్కడికో ఒకచోటికి వెళ్తుంది కదమ్మా, ఈ బండి ఎక్కడికీ వెళ్లదు. ఎక్కడా ఆగదు. పైగా నడక కంటే నెమ్మది. దొంగలు ఇలా తిరగరు, ప్రేమించుకునేవాళ్లు ఇలా తిరగరు. నాలుగుసార్లు చూశాను, బుర్ర బద్దలైంది గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు."

ఫొటోలో నంబరు పలక తప్ప ఇంకేమీ కనబడకూడదన్న నిబంధన ఎంత బాగా పనిచేసిందో అప్పుడు తెలిసింది. ఆ పలకకి నాలుగడుగుల పైన బోర్డు మీద ఎర్రక్షరాలతో అంతా రాసే ఉంది, అది మాత్రం ఆయనకి కనబడలేదు. బేకరీ ముందు బోర్డు తీసేసిన ఘనత నాదే. నవ్వు తన్నుకొచ్చింది. తొడమీద గట్టిగా గిల్లుకున్నాను. రూల్సు మేడమ్‌కి నా వృత్తి ఏంటో తెలుసు, ఆ తిరుగుడు ఏంటో కూడా ఈపాటికి తెలిసిపోయింది. పెదవి కొరుక్కుంటూ ఖాళీ కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించింది.

"ఇంత వెతికేబదులు మీ ఆవిణ్ణే అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే?"

రూల్సు మేడమ్ తలెత్తింది, గానీ ఊరుకుంది.

"అడిగితే చెప్తుంది," అన్నాను.

"చెప్పకపోతే ఏం చెయ్యనమ్మా?" టోపీ తిప్పడం ఆపేశాడు. "కెమెరా అయితే చెప్పనని అనదు."

నాకు ఆ మనిషి మీద జాలేసింది. ఒక్క మాట అంటే చాలు. మీ ఆవిడ నా దగ్గర కారు నేర్చుకుంటోంది అంటే, ఆయన నెత్తిన పాలుపోసినట్టవుతుంది, నవ్వుకుంటూ ఇంటికెళ్తాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అది టైలరమ్మ మాట. నడపడం వచ్చేదాకా తన దగ్గరే ఉంచుకుంటానని నాకు చెప్పి, నమ్మి, నా కారెక్కింది. ఆయన కెమెరాతో లాక్కోవాలనుకున్నదాన్ని నేను జాలితో ఇచ్చేస్తే ఇద్దరం ఒకటే పని చేసినట్టు. మాటని మింగేశాను.

ఇక మిగిలింది అభ్యంతరం కాగితం. రూల్సు మేడమ్ దాన్ని నా ముందుకి జరిపి కలం పెట్టింది. నాకు రాయబుద్ధి కాలేదు. ఆ సంగతి నా మొహంలో కనబడ్డట్టుంది.

"రాయండమ్మా," అన్నాడు ఆయనే. "మీరు వదిలేస్తే రేపు నా కుర్చీలో కూర్చునేవాడు కూడా వెతుకుతాడు. వాడు ఇంటి విషయమని రాయడు."

నేను అనుకుంటున్నదీ అదే. మంచివాడని ఇవాళ ఈయన్ని వదిలేస్తే, ఇంకెవడో ఇంకెవరింటి ఆడపిల్ల బండినో వెతికి చక్కగా ఒక దొంగకేసు పేరు రాస్తాడు. కలం తీసుకుని రాశాను. 'నా కారు ఎటు తిరిగినా అది నా సంగతి, అందులో ఎవరు కూర్చున్నా అది వాళ్ల సంగతి. ఈయన వెతకడం తప్పు. కెమెరా గదిలో ఈయన్ని ఉంచకూడదు. అయితే కారణం నిజం రాశారు కాబట్టి ఉద్యోగం జోలికి వెళ్లొద్దని నా మనవి. కారణం గడిలో ఏం రాసినా కంప్యూటరు కదులుతోందట, ముందు దాన్ని బాగుచెయ్యండి.' కింద సంతకం పెట్టాను.

రూల్సు మేడమ్ చదివి, "ఈ చివరిది నేను ఆర్నెల్లనుంచీ మొత్తుకుంటున్నా మేడమ్. ఇప్పుడు చూపించడానికి కాగితం దొరికింది," అంది.

ఆయన లేచి నాకు నమస్కారం పెట్టాడు. గుమ్మందాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగాడు. మొహంనిండా ప్రశ్నే. నోరు తెరిచి, రూల్సు మేడమ్‌ని చూసి, మళ్లీ మూసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం ఎనిమిదిన్నరకి బేకరీ ముందు ఆగాను. ఆవిడకి చెప్పేద్దామనే నిర్ణయంతోనే వచ్చాను, పరీక్ష పోతే పోయిందని. టైలరమ్మ ఎక్కి, తలుపు వేసి, బెల్టు పెట్టుకుని, నేను గొంతు సవరించుకునేలోపే మొదలుపెట్టింది.

"మొన్న ఆయన ఇంటికొచ్చి అంతా చెప్పేశారు మేడమ్. మీ కారు వెతికానన్నారు. తప్పన్నారు. కెమెరా గదిలోంచి తీసేశారట, నిన్నటినుంచి కూడలి డ్యూటీ."

"ఏ కూడలి?" అన్నాను.

"నేను అడగలేదు." ఒళ్లో చేతులు పెట్టుకుని రోడ్డుకేసి చూస్తోంది. "నాకు మొదట ఒళ్లు మండింది. నా వెంట కెమెరాలు పెడతారా అని బాగా అరిచాను. చప్పుడు చెయ్యకుండా పడ్డారు. నేను అరిచి అలిసిపోయాక అన్నారు, 'ఎక్కడికెళ్తున్నావో నేను అడగను. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పు' అని. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు."

"మీరేమన్నారు?"

"చెప్పాలనిపించట్లేదు అన్నాను."

"అయ్యో. దానికాయన?"

"సరే అన్నారు." టైలరమ్మ మొహం విప్పారింది. "ఉత్తినే కాదు, నిజంగానే సరే అనుకున్నారు. అన్నం తిని పడుకున్నారు, గుర్రు కూడా పెట్టారు. ఆ సరే అన్నందుకే చెప్పేద్దామనిపించింది మేడమ్. బలవంతాన ఆపుకున్నా."

నేను కారు దిగి వెనకసీట్లోని బోర్డు తీసి పైకప్పు మీద పెట్టాను, బేకరీ ముందే, అందరూ చూస్తుండగా. ఆవిడ వద్దనలేదు. సీట్లు కూడా అక్కడే మారాం.

పరీక్ష పెట్టే ఆయన మొహంలో నవ్వన్నది ఎప్పుడూ మొలిచిన గుర్తు లేదు. టైలరమ్మ ఆయన పక్కన కూర్చుని ఎత్తుమీద ఆపింది, వెనక్కి నడిపింది, రెండు బండ్ల మధ్యలో గీత దాటకుండా పెట్టింది. కెమెరాల ప్రశ్నలు రెండూ అడిగితే, నేర్పినదానికంటే నాలుగు మాటలు ఎక్కువే చెప్పిందట. కాగితం మీద ముద్ర పడింది. ఆవిడ దాన్ని నాకు చూపించి, మడిచి, జాకెట్లో దాచుకుని, మళ్లీ తీసి చూసుకుంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదహారేళ్లలో నేర్పిన తొమ్మిది వందలమందిలో ఎవరికోసమూ నేను ఏడవలేదు, కాబట్టి అద్దం సర్దుతున్నట్టు అటు తిరిగాను.

తిరుగుదారిలో ఆవిడే నడిపింది. కోర్టు కూడలి దగ్గర సిగ్నలు పాడైంది, మధ్యలో ఒక పోలీసు నిలబడి బండ్లని ఆపుతున్నాడు. బక్కపలచని మనిషి. చెయ్యి మావైపే ఎత్తి ఉంది.

టైలరమ్మ గీత దగ్గర కారు ఆపింది. కుదుపు లేదు, ఇంజను ఆగిపోలేదు. నేను ఒక్క మాట కూడా అనలేదు.

ఆయన ముందు నంబరు చూశాడు. తరవాత పైకి చూసి బోర్డు చదివాడు. ఓపిక పట్టండి అన్నదాకా మొత్తం చదివాడు, పెదవులు కదలడం నాకు కనబడింది. అక్కణ్ణించి నన్ను చూశాడు. చివరికి స్టీరింగు వెనక కూర్చున్న భార్యని చూశాడు. బేకరీ, కోర్టు, పార్కు, మళ్లీ బేకరీ, ఆ పధ్నాలుగు వరసలూ ఒక్కొక్కటే ఆయన మొహంలో సర్దుకోవడం నేను కళ్లారా చూశాను.

కావాలంటే కిటికీ దగ్గరికి రావచ్చు. కాగితాలు చూపించమనొచ్చు, ఎక్కడినుంచి, ఎక్కడికి అనొచ్చు. కూడలిలో నిలబడ్డ పోలీసుకి ఆ అధికారం ఉంది. వెనక బండ్లవాళ్లు హారన్లు మొదలుపెట్టారు. ఆయన అడుగు కూడా కదపలేదు. రెండోవైపు బండ్లని ఆపి, మమ్మల్ని వెళ్లమని చెయ్యి ఊపాడు. అందరికీ ఊపినట్టే ఊపాడు.

కారు ఆయన్ని దాటుతుండగా టైలరమ్మ అద్దం దించింది.

"మీ డ్యూటీ ఎన్నింటికి అయిపోతుంది?"

"ఒంటిగంటకి," అన్నాడాయన.

"ఇక్కడే ఉండండి. వచ్చి తీసుకెళ్తా."

ఇంకో వంద గజాలు పోయాక నాకు తెలివొచ్చింది. "ఏమండీ, ఇది నా కారు," అన్నాను.

"మీరు వెనకసీట్లో కూర్చోండి మేడమ్," అంది టైలరమ్మ, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా.

అలా పదహారేళ్లలో మొదటిసారి నా కారు వెనకసీట్లో కూర్చున్నాను. ఒంటిగంటకి ఆయన వచ్చి నా చోట్లో కూర్చున్నాడు. నేర్పే కారు కదా, పక్కసీటు వాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. భర్తలెవరికైనా అది దొరికితే ఊరుకోరు, అందుకని ముందే వెనకనుంచి హెచ్చరించాను.

"చూడండి, మీ కాళ్లకింద బ్రేకుంది. దాన్ని తొక్కకూడదు."

"తొక్కనమ్మా," అన్నాడు.

కారు కదిలింది. ఆవిడ ఇంటివైపు తిరగాల్సిన మలుపు దాటి, తిన్నగా ఊరి బయటి రోడ్డు పట్టింది. నేను ముందుకి వంగి చూశాను. ఆయన రెండు కాళ్లూ వెనక్కి లాక్కుని, సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నాడు. ఎక్కడికని అడగలేదు.